సవరించవచ్చు

హన్మకొండ డిపోల సెలవుల సీటు నాది.
పదిహేడేండ్లు కాయితాలు చదివిన.
చెమట వాసన, డీజిల్ వాసన,
ఒక్కోపారి తంబాకు వాసన.
"జరమచ్చింది" అని రాసినోని అక్షరాలు
నిటారుగ నిలబడితే జరం లేదని తెలిసేది.
అయినా సంతకం పెట్టేదాన్ని.
జరం లేనోడు గూడ అలుస్తడు గదా.

మొన్నటెండకాలం పెద్దాఫీసోళ్లు
కంప్యూటర్ల ఒక సహాయకున్ని కూసుండవెట్టిన్రు.
పేరు లేదు, ఆకలి లేదు,
తెలుగు మాత్రం నాకన్న శుద్ధంగ రాస్తది.
మొదటి రోజు ఒక్కటే అడిగింది:
సెలవు దరఖాస్తులను నేను
చూడవచ్చా? నమోదు చేయవచ్చా? సవరించవచ్చా?
మూడు డబ్బాలు.
మూడిట్ల టిక్కు కొట్టి
చాయ్ తాగనీకి పోయిన.

అబద్ధమెందుకు, మంచి పనులే చేసింది.
ఊడ్చే కొమురమ్మ సెలవులు
పాత రిజిస్టర్ల పదకొండు కూరుకపోయి ఉంటే
తవ్వి ఆమె చేతిల పెట్టింది.
డ్రైవర్ జలీల్ వారం ఒకటి, తారీకు ఒకటి రాస్తే
ఆయన తిప్పలు పడకముందే దిద్దింది.
నేను గూడ మెచ్చుకున్న.
పొద్దుగాల్ల దానికి నమస్తే పెట్టుడు షురువు చేసిన,
ఎవలన్న చూస్తున్నరా అని అటిటు చూసి.

మొగిలి కండక్టరు. పరకాల లైను.
సోమవారం రాత్రి వాళ్ల బాపు పోయిండు.
మంగళారం ఎట్లాగు వీక్లీ ఆఫే.
మిగిలినయి రెండే సెలవులు,
ఒకటి దినాలకు దాసుకున్నడు.
ఫోన్ల ఒక్క ముక్క కొట్టిండు:
"బుధవారం మూడొద్దులు. సెలవు కావాలె."

అది చదివింది.
మూడు రోజులడిగిండనుకున్నది.
నిల్వల రెండే ఉన్నయని చూసింది.
బుధవారం ఆ లైన్ల మనుషులు తక్కువని చూసింది.
పాపం, ఉన్నయన్నీ ఇచ్చింది,
గురువారం, శుక్రవారం.
పచ్చటి గుర్తు, కింద సన్నటి అక్షరాలు.
మొగిలి పచ్చదనం ఒక్కటే చూసిండు.

ఆ బుధవారం నేను గూడ సెలవులనే ఉన్న,
పన్ను పీకిచ్చుకోనీకి.
నా దరఖాస్తుల అది కామా గూడ మార్చలేదు.

తెల్లారుజామున నాలుగింటికి కంట్రోలర్ ఫోను:
"చార్టుల నీ పేరున్నది, బస్సు ఆగింది, రావయ్యా."
వచ్చిండు.
పది గంటలప్పుడు చలివాగు మీద బస్సు,
"టికెట్, టికెట్" అనుకుంట కిటికిలకెళ్లి చూస్తే
కింద ఇసుకల తమ్ముడు, ఇస్తారాకు,
మొగులు దిక్కు చూసే పదిమంది.
పిట్ట వాలలేదట.
పన్నెండు దాక చూసి ఆవుకు పెట్టిన్రట.

గురువారం నా ముందల నిలవడ్డడు.
ఒర్రలేదు.
టికెట్ మిషన్ బల్ల మీద పెట్టి
"ఒద్దంటే రోజని దానికి తెల్వదా మేడం?" అన్నడు.
నా దవడ ఇంకా వాసే ఉన్నది.
మాట్లాడకపోవుడుకు అదొక సాకు.

ఆయన పోయినంక దాన్ని అడిగిన:
ఎవలు చెప్పిన్రు నీకు?
"మీ అనుమతి ప్రకారం.
ఏప్రిల్ తొమ్మిది, ఉదయం పది నలభై.
పొరపాటుకు చింతిస్తున్నాను.
రెండు సెలవులు తిరిగి జమ చేయమంటారా?"
చెయ్యమన్న. చేసింది.
బుధవారానికి దాంట్ల డబ్బా లేదు.

మూడో టిక్కు తీసేసిన.
ఇప్పుడు ప్రతిదానికి నన్నే అడుగుతది,
రోజుకు నలభైసార్లు,
ఒక్కసారి గూడ ఇసుక్కోదు.
మొదట్ల కండ్లద్దాలు తుడుసుకొని చదివిన.
ఫోన్లు జేసి అడిగిన, ఎందుకు నాయిన, ఏమైంది.

నిన్న సాయంత్రం ఆరు దాటింది.
హసన్‌పర్తి బస్సు వెళ్లిపోతదని
ఆఖరి మూడిటికి చూడకుంటనే
అవును, అవును, అవును.

ఇంటికచ్చి కంచం ముందల కూసున్నంక యాదికచ్చింది,
అండ్ల ఒకదాంట్ల
"ఒద్దు" అనే మాట ఉండె.